సముద్రం తొక్కని బండి

పోయిన వారం మన డారిల్ పొమ్రాయ్‌ని హైవే పక్కన, గేర్లు పడని బండి ముందు నిలబెట్టి వచ్చేశాం. ఎండలో రెండు గంటలు మాడాక లాగుడు బండి వచ్చింది. వెనక తొట్టి ఉన్న అతని తెల్ల యూట్‌ని ఎక్కించుకుని జెరాల్డ్‌టన్ షోరూముకి చేర్చింది. అక్కడ మెకానిక్ గేర్‌బాక్స్ కింది బిరడా విప్పితే, ఎర్రగా కారాల్సిన నూనె పాలు ఎక్కువైన టీలా కారింది. మూడో రోజున ఉత్తరం వచ్చింది. గేర్‌బాక్సులో సముద్రపు నీళ్ళున్నాయనీ, సముద్రంలో ముంచిన బండికి వారంటీ వర్తించదనీ, బాగు చేయించుకోవాలంటే పన్నెండు వేల డాలర్లు డారిలే పెట్టుకోవాలనీ దాని సారాంశం.

సముద్రపు నీళ్ళు, అదీ డారిల్ బండిలో. డొంగారా ఊళ్ళో ఈ ముక్క విని నవ్వనివాడు లేడు. ఆ ఊళ్ళో బండి కొన్న ప్రతివాడూ మొదటి ఆదివారమే టైర్లలో గాలి తగ్గించి ఇసుక మీదికి తోలతాడు. డారిల్ ఒక్కడే తోలలేదు. అతనికి పడవెక్కితే వాంతులు, బూట్లలో ఇసుక పడితే చిరాకు. ఉప్పుగాలి తగిలితే తుప్పు పడుతుందని బండిని షెడ్డులో పెట్టి, పైన కవరు కప్పి, కవరుకి నాలుగు మూలలా తాళ్ళు కట్టి కంటికి రెప్పలా చూసుకున్నాడు. గనిలో రెండు వారాలు పని, ఇంట్లో ఒక వారం సెలవు అతని బతుకు. ఆ సెలవు వారంలో పెళ్ళాం ముఖం కంటే ఆ బండి బానెట్‌నే ఎక్కువసార్లు తుడిచాడని నరెల్ అంటుంది. సరదాకే అంటుందని డారిల్ అనుకుంటాడు.

సరే, అదంతా ఒక ఎత్తు. అసలు కడుపుమంట పక్కింట్లో ఉంది. పక్కింటి వెస్ ట్రంబుల్ కూడా అదే కంపెనీ, అదే రంగు, అదే మోడల్ బండి అదే వారంలో కొన్నాడు. ఏడాదిన్నర తిరిగేసరికి రెండు బండ్లలోనూ గేర్‌బాక్స్ వెనక, నూనె కారకుండా ఆపే ఒకే రబ్బరు సీలు, ఒకే నెలలో పాడైంది. వెస్ అంటే ఎవరు? ఒంటి మీద ఎప్పుడూ చేపల ఎర వాసన వేసుకుని తిరిగే మనిషి, రొయ్యల బుట్టలూ పడవా తప్ప వేరే లోకం లేనివాడు. అతని బండికి మాత్రం మూడు రోజుల్లో కొత్త గేర్‌బాక్స్ ఉచితంగా వేసి, కడిగి, తుడిచి, మీద ఒక కాఫీ కూడా ఇచ్చి పంపారట. ఇసుక కూడా తొక్కని డారిల్‌కేమో ఉత్తరం ముక్క. ఒళ్ళు మండదా మరి?

మండింది. వారం రోజులుగా అన్నం సరిగా తినలేదు, నిద్ర సరిగా పోలేదు. కంచె అవతల వెస్ బండి స్టార్టయిన చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో కప్పు అక్కడే పెట్టేసేవాడు. ఆ గేర్లు ఎంత మెత్తగా పడుతున్నాయో వినేవాడు. వినకుండా ఉండలేకపోయేవాడు.

ఇవాళ గురువారం. నరెల్ తన చిన్న కారు తోలుతుంటే, డారిల్ మోకాళ్ళ మీద కాగితాల సంచీ పెట్టుకుని షోరూముకి బయల్దేరాడు. జెరాల్డ్‌టన్ గాలి కారుని పక్కకి నెడుతోంది.

"వదిలెయ్ డారిల్," అంది నరెల్, దారి మీంచి కళ్ళు తిప్పకుండా. "డబ్బు కట్టేద్దాం, పీడా పోతుంది."

"కట్టేద్దామా? ఎక్కణ్ణించి? క్రిస్మస్‌కి గని మానేస్తానని నీకు మాటిచ్చానా లేదా? ఇది కడితే ఇంకో ఏడాది అక్కడే పడుండాలి. నీకు సరేనా?"

నరెల్ గేరు మార్చింది.

"అదే వెస్ అయితే కట్టేవాడా? వాడికి కట్టాల్సిన అవసరమే రాలేదనుకో. మహారాజు కదా. వాడు వెళ్తే గేర్‌బాక్స్, నేను వెళ్తే ఉత్తరం."

"మధ్యలో వెస్ ఎందుకు?"

"ఎందుకేమిటి? వాడెప్పుడు మధ్యలో లేడు గనక? మన కుళాయి కారితే వాడు. మన గోడకి మేకు కొట్టాలంటే వాడు. గని నుంచి ఫోన్ చేస్తే వెనకాల వాడి ఈల వినపడుతుంది. వాడి టమాటాలు, వాడి జోకులు. వాడు ఏం చెప్పినా నువ్వు నవ్వుతావు. నేను చెప్తే నవ్వవు."

"నువ్వు జోకులు ఎప్పుడు చెప్పావు?"

 డారిల్ సంచీలోంచి కాగితాలు తీసి, మళ్ళీ సర్ది, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. ఒక సంగతి మనలో మన మాట. డారిల్ చెడ్డవాడు కాదు. తనకున్నది ఎదుటివాడికి లేకపోయినా పట్టించుకోడు. ఎదుటివాడికున్నది తనకి లేకపోతే మాత్రం తట్టుకోలేడు. అందులోనూ ఆ ఎదుటివాడు వెస్ అయితే ఇక చెప్పక్కర్లేదు.

షోరూములో సర్వీసు మేనేజరు పేరు జనీన్. నెరిసిన జుట్టు మీదికి కళ్ళజోడు ఎక్కించుకుని, ఎవరెంత అరిచినా తన గొంతు పెంచని మనిషి. ఇద్దరినీ తన చిన్న గదిలో కూర్చోబెట్టింది. అద్దం గోడ అవతల యార్డులో బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి చివర డారిల్ బండి, గేర్‌బాక్స్ ఊడదీసి, ముందు చక్రాలు పక్కకి తిరిగి ఉంది. డారిల్ దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.

"మీ ఉత్తరం చదివాను," అన్నాడు. "అబద్ధం అది. పాడైంది మీ సీలు. అదే సీలు మా పక్కింటాయన బండిలో కూడా పాడైంది. ఆయనకి మార్చారు. నాకెందుకు మార్చరు?"

"సీలుది తప్పే. కాదనను," అంది జనీన్. "ఆ బ్యాచ్ సీళ్ళన్నీ కారుతున్నాయి. ట్రంబుల్ గారి బండిలో సీలు కారి నూనె బయటికి పోయింది. మీ బండిలో సీలు కారి సముద్రం లోపలికొచ్చింది. కంపెనీ వాళ్ళ పేచీ సీలు గురించి కాదు డారిల్. సముద్రం గురించి."

"నా బండి సముద్రం ముఖం చూడలేదు."

"నూనెలో ఉప్పుంది."

"మీ మెకానిక్కే పోశాడేమో."

నరెల్ అతని మోచేతి మీద చెయ్యి వేసింది. అతను విదిలించుకున్నాడు. సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ప్రమాణాలు చేయించే అధికారమున్న ఊళ్ళో మందుల షాపాయన ఎదుట సంతకం చేసిన ప్రమాణపత్రం. ఈ బండి సముద్రపు నీటిలోకి ఎన్నడూ దిగలేదని, ఇది అబద్ధమైతే శిక్షకి సిద్ధమని అందులో ఉంది. మందుల షాపాయన ముద్ర నీలంగా, బలంగా పడింది.

"ఒట్టేసి రాశాను," అన్నాడు డారిల్. "ఇంతకన్నా ఏం కావాలి మీకు? వెస్ ట్రంబుల్ ఇలాంటి కాగితం ఇచ్చాడా? ఇవ్వడు. ఇవ్వలేడు. ఊళ్ళో అడగండి వాడి బండి ఎక్కడ తిరుగుతుందో. పడవకి కట్టెయ్యని రోజుండదు. అలాంటివాడికి అడగ్గానే ఇచ్చారు. నాలో ఏం తక్కువ కనపడింది మీకు?"

"ఆయన బండిలోని కంప్యూటర్ నమోదు చేసుకున్న రికార్డు చూశాం. ఈ ఆరు నెలల్లో ఒక్కసారి కూడా నీళ్ళలోకి దిగలేదు."

"వెస్ బండా? నీళ్ళలోకి దిగలేదా?" డారిల్‌కి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "అయితే నా రికార్డు కూడా తియ్యండి. వాడిది చూశారు కదా, నాది కూడా చూడండి. ఎందుకు చూడరు?"

"అక్కర్లేదు డారిల్," అంది నరెల్. గొంతు సన్నగా వచ్చింది. "ఇంటికెళ్దాం పద."

"ఎందుకెళ్ళాలి? తియ్యమను. ఆ కంప్యూటర్‌లో ఏముందో మొత్తం తియ్యమను. తేలిపోవాలి ఇవాళ."

జనీన్ ఇద్దరి వంకా ఒకసారి చూసింది. "రికార్డు తీస్తే ఫైలులో పెట్టాలి. మీకు అనుకూలంగా ఉన్నా, లేకపోయినా. మీకు సమ్మతమేనా?"

"నూటికి నూరుపాళ్ళు."

కళ్ళజోడు జుట్టు మీంచి ముక్కు మీదికి దిగింది. జనీన్ మీటలు నొక్కింది.  డారిల్ కుర్చీలో వెనక్కి వాలి కాలు మీద కాలు వేసుకున్నాడు. వారం రోజుల తర్వాత మొదటిసారి అతని ముఖంలో కాస్త కళ వచ్చింది.

"అక్టోబరు పదిహేడు, మంగళవారం," అని చదివింది జనీన్. "ఉదయం ఆరూ పది. ఇసుకలో వాడే తక్కువ గేరు. వెనక ట్రైలర్ తగిలించి ఉంది. రివర్స్‌లో నలభై మీటర్లు. ఆరూ పద్నాలుగుకి గేర్‌బాక్స్ వేడి ఒక్క నిమిషంలో ముప్పై డిగ్రీలు పడిపోయింది."

"అయితే ఏమిటట?"

"వేడెక్కిన ఇనుము గాలిలో అంత తొందరగా చల్లారదు. నీళ్ళలో పెడితేనే చల్లారుతుంది. పడవ దింపడానికి బండిని వెనక్కి సముద్రంలోకి తోలారు. వేడి పెట్టె చల్లబడగానే, పాడైన సీలులోంచి నీళ్ళు పీల్చుకుంది." ఆమె తెర అతని వైపు తిప్పింది. "ఇలాంటివి పదకొండున్నాయి. అన్నీ మంగళవారాలే."

డారిల్ కాలు మీంచి కాలు దించాడు. ముందుకి వంగాడు. తెర మీద వరసలు అతనికి బాగానే అర్థమవుతున్నాయి. గనిలో రోజంతా ఇలాంటి అంకెలు చూసేవాడే. జేబులోంచి ఫోన్ తీసి తన డ్యూటీల పట్టిక పక్కన పెట్టుకుని, ఒక్కో తేదీ మీదా వేలు పెట్టి సరిచూశాడు.

"అక్టోబరు పదిహేడున నేను గనిలో ఉన్నాను. ఇరవై నాలుగున కూడా. ఇది... ఇదీ గనిలోనే." చివరి తేదీ మీంచి వేలు తీశాడు. "పదకొండుసార్లూ నేను ఊళ్ళో లేను."

"బండికి తాళాలెన్ని?"

"రెండు. ఒకటోది నాది, రెండోది నరెల్‌ది."

"ఇవన్నీ ఒకటో తాళంతో నడిపినవి," అంది జనీన్. "ఆ తాళం మీరు గనికి తీసుకెళ్తారా?"

డారిల్ ఫోన్ బల్ల మీద బోర్లించాడు.

తీసుకెళ్ళడు. తెల్లవారుజామున విమానాశ్రయానికి అతన్ని దింపి, బండి వెనక్కి తెచ్చి షెడ్డులో పెట్టేది వెస్. నరెల్ పనిచేసే బేకరీలో మూడింటికే పొయ్యి వెలిగించాలి గనక ఆమెకి కుదరదు. తాళం వెస్ దగ్గరే ఉంచమన్నది కూడా డారిలే. పొదల్లో మంటలు లేచి ఊరిమీదికొస్తే ఇంట్లో మగవాడు లేనప్పుడు బండిని బయటికి తియ్యడానికి పక్కింట్లో ఒక తాళం ఉండాలి. ఆ పక్క ఊళ్ళన్నిటా ఉన్న పద్ధతే అది. పైగా రెండు వారాల తర్వాత వచ్చి చూస్తే బండి తళతళా మెరుస్తుండేది. ఊరికే దుమ్ము పట్టిందని మంచినీళ్ళతో కడిగి పెట్టానని వెస్ చెప్తే, ఎంత మంచివాడని మురిసిపోయి ప్రతిసారీ ఒక బీరు పెట్టె కొని ఇచ్చాడు. తన బండిని సముద్రంలో ముంచినందుకు, తనే డబ్బు పెట్టి బీరు పోశాడు.

డారిల్‌కి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికన్నా ముందొచ్చింది సంతోషం. నిజంగా సంతోషమే. ఇన్నాళ్ళూ వెస్ మీద తనకున్న కుళ్ళుకి ఒక కారణం లేదు. మంచివాడి మీద మండిపడుతున్నానని తనమీద తనకే అసహ్యంగా ఉండేది. ఇప్పుడు కారణం దొరికింది, అదీ అచ్చు కాగితం మీద, తేదీలతో సహా.

"అదన్నమాట సంగతి," అన్నాడు, అరచేత్తో బల్ల మీద కొట్టి. "వాడి బండి పొడిగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. తనది దాచుకుని నాది ముంచాడు. వాడికి మంగళవారం సెలవు. గోధుమ గోదాములో మంగళవారం పని ఉండదు. చూశావా నరెల్? చూశావా మీ వెస్ నిర్వాకం? టమాటాలిచ్చే వెస్."

నరెల్ అద్దం గోడ వైపు చూస్తోంది.

"యజమానికి తెలియకుండా వేరేవాళ్ళు వాడితే దానికి ఒక దారుంది," అంది జనీన్. సొరుగులోంచి ఒక ఫారం తీసి అతని ముందుకి జరిపింది. "ఎవరు వాడారో పేరు రాసి, మీ అనుమతి లేదని గుర్తు పెట్టి, పోలీసు ఫిర్యాదు నకలు జత చెయ్యాలి. సీలుది మా తప్పని నేను కూడా రాస్తాను. అప్పుడు కంపెనీ వాళ్ళు మళ్ళీ ఆలోచిస్తారు. నాకు తెలిసినంతలో గేర్‌బాక్స్ ఇస్తారు."

"పోలీసులా?" అంది నరెల్.

"పోలీసులే," అన్నాడు డారిల్. పెన్ను అప్పటికే చేతిలో ఉంది. వెస్లీ ట్రంబుల్ అని రాశాడు. జీవితంలో ఏ కాగితం మీదా అంత గుండ్రంగా, అంత ముచ్చటగా రాసి ఉండడు. చిరునామా రాశాడు. ఇంటి నంబరు తనదానికంటే రెండు ఎక్కువ. అది కూడా రాస్తుంటే హాయిగానే ఉంది.

"సాక్షి ఎవరైనా ఉంటే ఇంకా బలం," అంది జనీన్, తెర మీద కిందికి వెళ్తూ. మంచి మనసుతోనే అంది, పాపం. "మీకు సాక్షి దొరకొచ్చు. వెస్ గారు ఒక్కరే వెళ్ళలేదు. పక్క సీట్లో మనిషున్నారు. పదకొండుసార్లూ బెల్టు పెట్టుకున్నారు."

డారిల్ పకపకా నవ్వాడు. "ఆహా. వాడికో ఆడమనిషి కూడా దొరికిందన్నమాట. నా బండిలో, నా ఖర్చుతో షికార్లు. ఎవరై ఉంటుందంటావ్ నరెల్? ఆ చేపల కొట్టు ఆవిడా?"

జవాబు కోసం అటు తిరిగాడు. నరెల్ నవ్వడంలేదు. చేతుల్లో కారు తాళం గట్టిగా పట్టుకుని ఉంది. నరెల్ పనిచేసే బేకరీ కూడా మంగళవారమే మూస్తారు. ఆ సంగతి డారిల్‌కి పద్నాలుగేళ్ళుగా తెలుసు. ఈ గదిలో కూర్చున్నంతసేపూ గుర్తు రాలేదు, ఇప్పుడు వచ్చింది.

"నేనే," అంది నరెల్.

జనీన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నాకు వెనక విడిభాగాల గదిలో కాస్త పనుంది," అని లేచి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

డారిల్ కుర్చీ భార్య వైపు జరిపాడు. అడగాల్సినవి కొల్లలుగా ఉన్నాయి.  చివరికి ఒకటి బయటపడింది.

"వెనక చక్రాలు ఎంతదాకా మునిగాయి?"

నరెల్ తల పైకెత్తింది. ఆమె ముఖంలో అంతవరకూ ఉన్న భయం పోయింది.

"కనపడనంత," అంది. "చక్రాలు అసలు కనపడనంత. ఇంకేమైనా అడగాలని ఉందా, లేకపోతే బంపరు గురించి కూడా చెప్పమంటావా?"

"నరెల్."

"నేనే అని చెప్పాను. నీకు ముందు గుర్తొచ్చింది చక్రాలు."

"నాకు మతి పోయింది. ఏం అడుగుతున్నానో నాకే తెలీడంలేదు." అతను పెన్నుతో బల్ల మీద కొట్టాడు. "వాడితో ఏమిటి నీకు? పదకొండుసార్లు. నేను ఆ ఎర్రమట్టిలో దుమ్ము తింటుంటే, వాడూ నువ్వూ... నా సీట్లో వాడు, పక్కన నువ్వు. నవ్వుకున్నారా? నా గురించి చెప్పుకుని నవ్వుకున్నారా?"

"నీ గురించి మాట్లాడుకోలేదు."

నవ్వుకున్నామని చెప్పినా ఇంత నొప్పి ఉండేది కాదేమో. పదకొండు మంగళవారాలు తన గురించి ఒక్క మాట కూడా రాలేదంటే, ఇక తనెక్కడున్నట్టు?  వెస్ మీద కోపం పక్కకి జరిగి, ఆమె మీదికి వచ్చింది. పెన్ను గట్టిగా పట్టుకున్నాడు. ఫారంలో అనుమతి ఉందా, లేదా అన్నచోట "లేదు" మీద గీత పెట్టాడు, కాగితం చిరిగేంత గట్టిగా. సాక్షి పేరు అన్నచోట నరెల్ పొమ్రాయ్ అని రాశాడు. ఈసారి అక్షరాలు గుండ్రంగా రాలేదు. కాగితాన్ని ఆమె ముందుకి తోశాడు.

"సంతకం పెట్టు."

నరెల్ చదివింది. నెమ్మదిగా చదివింది. బిల్లు చూసినట్టు పైనుంచి కిందిదాకా ఒక్కో గీతా చూసింది.

"పోలీసుల దగ్గరికి వెళ్ళి, వెస్ మన బండి దొంగిలించాడని నేను చెప్పాలి. అంతేనా?"

"అంతే. చెప్తే గేర్‌బాక్స్ వస్తుంది. క్రిస్మస్‌కి నేను ఇంటికొస్తాను. చెప్పకపోతే ఇంకో ఏడాది గని. పైగా ఆ ఒట్టేసిన కాగితం మీద నేను అబద్ధాలకోరునవుతాను. నీ ఇష్టం. వాడు కావాలో నేను కావాలో నువ్వే తేల్చుకో."

"ఈ బండి కొన్న రోజు, ఇదే షోరూము బయట నిలబడి నాకేం చెప్పావో గుర్తుందా?"

"ఇప్పుడదెందుకు?"

"సెలవు వారం వచ్చినప్పుడల్లా ఇసుక మీంచి ఉత్తరానికి పోదామన్నావు. నువ్వు, నేను, ఒక గుడారం. పొద్దున్నే సముద్రం ఒడ్డున టీ కాచుకుందామన్నావు. నేను రెండు కుర్చీలు కూడా కొన్నాను. ఏడాదిన్నరైంది డారిల్. ఆ కుర్చీలకి ఇంకా అట్టలు ఊడదియ్యలేదు. బండికి కవరు తియ్యలేదు. నేను ఒక్కసారి సీటు మీద కాఫీ ఒలకబోస్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు."

"అందుకని వాడితో పోతావా?"

"వెస్‌ని నేనే అడిగాను. పడవ దింపడం చూడాలనుంది, తీసుకెళ్ళమన్నాను. తన బండిలో తీసుకెళ్తానన్నాడు. కాదు, మన బండిలోనే అన్నాను. మన ఇంట్లో ఉన్న బండిలో, దానికోసం నువ్వు గనికి పోయి నన్ను ఒంటరిదాన్ని చేసిన ఆ బండిలో, ఒక్కసారి సముద్రం దాకా వెళ్ళాలనుకున్నాను. అతను ఒప్పుకోలేదు. డారిల్‌కి చెప్పకుండా ముట్టుకోనన్నాడు. మూడు మంగళవారాలు వెళ్ళి అడిగాను, మూడుసార్లూ కుదరదన్నాడు."

 వెస్ మూడుసార్లు కాదన్నాడంటే డారిల్‌కి కొంచెం ఊరట కలగాలి. కలగలేదు. తన భార్య ఒకడి గుమ్మంలో మూడుసార్లు నిలబడి బతిమాలిందన్న మాట ఒక్కటే లోపలికి దిగింది. తనని ఆమె ఏనాడూ అలా బతిమాలలేదు. అడిగిందేమో, తను బండి తుడుస్తూ వినలేదేమో, అది కూడా ఇప్పుడు తెలీదు.

నరెల్ పెన్ను అందుకుంది. "లేదు" మీద అతను పెట్టిన గీతని అడ్డంగా కొట్టేసింది. "ఉంది" మీద గీత పెట్టింది. కింద ఖాళీలో, బేకరీలో ధరల పలకలు రాసే ఆ తీరైన అక్షరాలతో రాసింది. బండి నా అనుమతితోనే వెళ్ళింది, పదకొండుసార్లూ నేను అందులోనే ఉన్నాను అని. సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితాన్ని మళ్ళీ అతని వైపు తిప్పింది.

"ఇంకో ఏడాది గని అని తెలిసే రాశావా?" అన్నాడు డారిల్.

"తెలిసే రాశాను."

ఆమె లేచింది. కుర్చీని బల్ల కిందికి సర్దింది. తలుపు దగ్గరికి వెళ్ళి చెయ్యి వేసింది కానీ తియ్యలేదు. డారిల్ ఆ కాగితం వంక చూస్తూనే అడిగాడు. అడగకూడదని తెలుసు, అడిగితే వినాల్సి వస్తుందని కూడా తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"మూడుసార్లు కాదన్నాడన్నావు. మరి నాలుగో మంగళవారం? అప్పుడేం చెప్పి ఒప్పించావు?"

నరెల్ వెనక్కి తిరిగింది.

"నాలుగో మంగళవారం నేను అడగలేదు డారిల్," అంది. "వెస్సే వచ్చి మన తలుపు కొట్టాడు."